ఖాళీ సైకిలు కొలత

వాకాడు దాటి సముద్రం వైపు వెళ్లే తారు రోడ్డు మీది నుంచి సైకిలును ఎడమకు దించి సరుగుడు తోపులోకి ప్రవేశిస్తే, అన్నిటికంటే ముందు మారేది చప్పుడు. తారు మీద టైరు చేసే సన్నని ఈల ఆగిపోయి, దాని స్థానంలో గ్రావెల్ నలిగే శబ్దం మొదలవుతుంది. మొదటి ఇరవై మీటర్లలో ఒక్కొక్క రాయీ విడిగా వినిపిస్తుంది. వేగం అందుకున్నాక అవన్నీ కలిసిపోయి, మూకుడులో వడియాలు వేగుతున్నట్టు ఒకే ధ్వనిగా సాగుతాయి. పైన సరుగుడు ఆకుల్లో గాలి, కింద ఈ చప్పుడు తప్ప ఐదు కిలోమీటర్ల పొడుగునా ఇంకొకటి వినిపించదు. హారన్ లేదు, ఇంజన్ లేదు. ఆదివారాల్లో నెల్లూరు నుంచి, గూడూరు నుంచి లావు టైర్ల సైకిళ్లు తెచ్చుకుని ఇక్కడికి వచ్చేవాళ్లు పెరిగారు. నేనూ వాళ్లలో ఒకతెను. గత వారం ఒకాయన దారి మొదట్లో ఆగి, ఇంత చక్కటి దారిని ఎవరు వేశారని నన్ను అడిగారు. అక్కడ బోర్డు మీద ఆ కాలపు అధికారుల పేర్లు ఉన్నాయి. అట్టడుగున నా పేరూ ఉంది. చెప్పవలసిన పేరు మాత్రం దాని మీద లేదు. ఆయన జిలానీ గారు.

పదిహేనేళ్ల క్రితం ఈ దారి పని నాకు అప్పగించినప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీరును. జిలానీ గారు మా వర్క్ ఇన్‌స్పెక్టరు. మేము కాగితం మీద గీసినదాన్ని నేల మీద కూలీల చేత చేయించడం ఆయన బాధ్యత. హోదాలో నాకంటే కింద, అనుభవంలో నా వయసంత పెద్ద. గూడూరులో వాళ్లది రేకుపని చేసే కుటుంబం. నాయన, అన్నలు డబ్బాలు, గరాటులు, కొలపాత్రలు చేసి అమ్మేవాళ్లు. ఈయన ఒక్కరే చదువుకుని సర్కారు కొలువులోకి వచ్చారు. ఎంత ఎండలోనైనా పొడుగు చేతుల చొక్కా మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకుని ఉండేవారు. గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. కూలీలు ఆయన్ని ‘అన్నా’ అనేవాళ్లు. నేను ‘జిలానీ గారూ’ అనేదాన్ని. ఆయన నన్ను ‘మేడం’ అనేవారు. ఆ పిలుపు ఒక ఉదయం మారిపోయింది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

తోపులో నేల అంతా ఇసుక. ఇసుక మీద నేరుగా గ్రావెల్ పోస్తే నెలలోపు రాళ్లు కిందికి దిగిపోతాయి. అందుకని ముందు పది సెంటీమీటర్ల మట్టి పొర, దాని మీద ఎర్ర గ్రావెల్, తరువాత నీళ్లు, రోలరు. ఇది పుస్తకంలో ఉన్నదే. గ్రావెల్‌లో బంకమట్టి పాలు ఎంత ఉండాలో కూడా పుస్తకం శాతాల్లో చెప్పింది. మొదటి లోడు రాగానే నేను నమూనాను సంచిలో కట్టి పరీక్షకు పంపబోయాను. జిలానీ గారు లారీ పక్కన గొంతుక్కూర్చుని, సీసాలో నీళ్లు చిలకరించి, గుప్పెడు గ్రావెల్‌ను లడ్డులాగా పిసికారు. నిలబడి, దాన్ని నడుము ఎత్తు నుంచి వదిలేశారు. అది నేలకు తగిలి పొడిపొడిగా విచ్చిపోయింది.

“బంక చాలదు మేడం. ఇది ఎండాకాలం లేచిపోద్ది” అన్నారు.

“పరీక్ష ఫలితం రానివ్వండి” అన్నాను.

“రానీండి. లారీని మాత్రం దింపొద్దని చెప్తా. దింపినాక ఎత్తడం ఇంకో పని.”

నాలుగు రోజులకు ఫలితం వచ్చింది. బంక చాలదనే ఉంది. ఆ తరువాత వచ్చిన ప్రతి లోడుకూ నేనే లడ్డు పిసికాను. విచ్చిపోతే బంక తక్కువ, ముద్దగానే నిలిస్తే ఎక్కువ, రెండు మూడు ముక్కలైతే సరి. ప్రయోగశాల ఫలితాలను నా లడ్డూలతో పోల్చుకుని ఒక పట్టిక కూడా తయారు చేశాను. ఆ పట్టిక చూపిస్తే జిలానీ గారు నవ్వి, “మా ఇంటికి రండి మేడం, రంజాన్‌కి. లడ్డు తినను కూడా తినొచ్చు” అన్నారు. ఆయన నాకు పాఠం చెప్పినట్టు ఎప్పుడూ కనిపించలేదు. ఒక పని నా కళ్ల ముందు చేసేవారు, పక్కకు తప్పుకునేవారు.

దారి పూర్తి కావచ్చింది. దాన్ని సైకిళ్లకూ నడిచేవాళ్లకూ మాత్రమే ఉంచాలన్నది ప్రణాళికలో మొదటి షరతు. రెండు మీటర్ల వెడల్పున్న గ్రావెల్ దారి ట్రాక్టరు బరువుకు ఒక్క వాన కూడా ఆగదు. తోపులో సరుగుడు నరికి దుంగలు తరలించే కాంట్రాక్టరు మనుషులు అప్పటికే దారిని ఆశగా చూస్తున్నారు. కాబట్టి తారు రోడ్డు వైపు చివర గేటు కావాలి, అది తాళంతో పని లేకుండా బండ్లను ఆపాలి. నేను చిట్టమూరు మండలంలో వరి పండించే ఇంట్లో పుట్టి, హైస్కూలుకు ఐదేళ్లు సైకిలు తొక్కిన మనిషిని. సైకిలు సంగతి నాకు ఒకరు చెప్పనక్కర్లేదనుకున్నాను. ఆఫీసు ముందున్న నాలుగు సైకిళ్ల హ్యాండిళ్లు కొలిచాను: యాభై ఎనిమిది సెంటీమీటర్లు. మోటారు సైకిళ్లవి కొలిచాను: డెబ్బై ఎనిమిది. రెండింటికీ నడుమ డెబ్బై అయిదు వెడల్పున రెండు ఇనప స్తంభాలు నిలబెడితే సైకిలు పోతుంది, మోటారు సైకిలు పోదు. స్తంభాలకు రెండు పక్కలా ముళ్లకంచె. డ్రాయింగ్ గీసి సంతకం పెట్టాను. దానిలో తప్పు ఉందేమోనన్న అనుమానం నాకు రాలేదు.

డ్రాయింగ్ చేతికి తీసుకుని జిలానీ గారు చాలాసేపు చూశారు.

“మేడం, ఒకసారి పొద్దున్నే కుప్పం కాడికి వస్తారా? పడవలు ఒడ్డుకొచ్చే టయానికి.”

మత్స్యకారుల పల్లెను ఇక్కడ కుప్పం అంటారు. మా దారి ఒక చివర సముద్రం పక్కనున్న ఆ కుప్పం, రెండో చివర గూడూరు ఆటోలు ఆగే తారు రోడ్డు. దారి వేయకముందు కుప్పం వాళ్లు ఆ తోపులోని ఇసుక బాటనే సైకిళ్లు నెట్టుకుంటూ వచ్చేవాళ్లని నాకు తెలుసు. కానీ మా ప్రణాళికలో దారి బయటి ఊళ్ల నుంచి వచ్చే సందర్శకుల కోసం. కుప్పం మాట అందులో ఎక్కడా లేదు.

“వచ్చే వారం చూద్దాం. మీరు డ్రాయింగ్ ప్రకారం కానిచ్చేయండి” అన్నాను.

ఆయన కానిచ్చారు. నేను టేపు పెట్టి చూశాను. డెబ్బై అయిదుకు ఒక్క మిల్లీమీటరు తేడా లేదు. నాకు చాలా తృప్తి కలిగింది.

మూడు వారాల్లోపు గేటుకు పది అడుగుల దూరంలో ముళ్లకంచెను ఎవరో కోసేశారు. ఆ సందులోంచి ముందు సైకిళ్లు, వాటి వెనక మోటారు సైకిళ్లు, సందు పెద్దదయ్యాక దుంగల ట్రాక్టరు దారి మీదికి ఎక్కాయి. అంతలో వాన పడింది. నాలుగు వందల మీటర్ల పొడుగునా చక్రాల గాడులు జానెడు లోతున దిగబడిపోయాయి. మా పై అధికారి వచ్చి చూశారు. కంచె కోసినవాడి పేరుతో సోమవారం లోపు పోలీసు ఫిర్యాదు వెళ్లాలనీ, లేకపోతే సైకిలు దారి ఆలోచన మానుకుని దాన్ని దుంగల బండ్లకే వదిలేద్దామనీ చెప్పి వెళ్లిపోయారు. పేరు కనుక్కోవడం కష్టం కాలేదు. కుప్పంలో చెంగయ్య అనే చేపల వ్యాపారి, అడిగిన వాళ్లకు అడిగినట్టే, కోసింది తానేనని చెబుతున్నాడు. శనివారం సాయంత్రానికి ఫిర్యాదు రాసేశాను. ప్రభుత్వ ఆస్తికి నష్టం, దానికి సెక్షన్లు, అంతా పద్ధతిగా ఉంది. సంతకం ఒక్కటే బాకీ. అది పెడితే నా మొదటి పని నిలుస్తుంది. చెంగయ్య స్టేషన్ల చుట్టూ తిరుగుతాడు. ఆ దారిన మళ్లీ చేపలు తేలేడు. అప్పటికి నాకు చెంగయ్య సంగతి పెద్ద విషయంగా తోచలేదు.

జిలానీ గారు కాగితం చదివి నాకే తిరిగి ఇచ్చారు. “రేపు ఆదివారమే కదా మేడం. ఐదింటికి కుప్పం కాడికి రండి. వచ్చి చూసినాక సంతకం పెట్టండి” అన్నారు. ఈసారి ఆయన అడగలేదు, చెప్పారు.

వెళ్లాను. తెల్లవారుతుండగా పడవలు వచ్చాయి. కవళ్లు, కానగంతలు, పడిన చేపలన్నీ గంపల్లోంచి రేకు డబ్బాల్లోకి మారాయి, మీద ఐసు ముక్కలు పడ్డాయి. సైకిలు వెనక క్యారియరుకు కుడి పక్కన ఒక డబ్బా, ఎడమ పక్కన ఒక డబ్బా కొక్కేలతో వేలాడుతున్నాయి. చెంగయ్య యాభై దాటిన మనిషి, పొట్టి, గట్టి. జిలానీ గారు అతని తమ్ముడి సైకిలును నా చేతికిచ్చారు. దానికీ రెండు డబ్బాలు నింపి ఉన్నాయి.

“గేటు దాకా మీరు తీసుకురండి మేడం. నేను ముందు పోతా ఉంటా.”

చేపలు ఏరుతున్న ఆడవాళ్లు పని ఆపి చూశారు. వాళ్లలో ఒకామె, “మేడమ్మా, ఆ చున్నీ నడుముకు కట్టుకో. చక్రంలో పడిందంటే నువ్వూ చేపలూ ఒకే గంపలోకి వస్తారు” అంది. మిగిలినవాళ్లు నవ్వారు. కట్టుకున్నాను. తొక్కడం మాట అటుంచి, ఆ సైకిలును నిటారుగా నిలపడమే నా వల్ల కాలేదు. డబ్బాలు ఊగినప్పుడల్లా వెనక చక్రం తన దారిన తను పోయేది. చెంగయ్య నా పక్కనే తన సైకిలు మీద నింపాదిగా వస్తూ, “దాన్ని పట్టుకోబాక మేడమ్మా. ఊగనీ. నువ్వు చూపు ముందర పెట్టు, అదే వస్తది” అన్నాడు. అరకిలోమీటరు తరువాత అది నిజమేనని తెలిసింది. నేను ఎవరి మీద ఫిర్యాదు రాసుకొచ్చానో ఆ మనిషే నాకు బరువుతో సైకిలు తొక్కడం నేర్పాడు. గ్రావెల్ బాగా పట్టిన చోట చక్రం తేలిగ్గా దొర్లింది. ట్రాక్టరు గాడుల చోట దిగి నెట్టవలసి వచ్చింది. అక్కడ చెంగయ్యా దిగి తన సైకిలు నెట్టాడు. ఐదు కిలోమీటర్లకు నాకు యాభై నిమిషాలు పట్టింది.

గేటు దగ్గర జిలానీ గారు నిలబడి ఉన్నారు. కోసిన కంచెకు అడ్డంగా ఆ పూటకు ముళ్లకంప వేసి ఉంచారు. నేను గేటులోకి సైకిలు నెట్టాను. హ్యాండిల్ దాటింది. రెండు డబ్బాలూ రెండు స్తంభాలకూ ఒకేసారి తగిలి ఆగాయి. వెనక్కి లాగి, కుడి పక్క డబ్బాను కొక్కెం నుంచి తప్పించాను. తప్పించిన మరుక్షణం ఎడమ డబ్బా బరువుకు సైకిలు మొత్తం అటు పడిపోయింది. మూత ఊడి ఐసూ చేపలూ ఎర్ర గ్రావెల్ మీద పరుచుకున్నాయి. రెండు డబ్బాలు ఒకదానికొకటి తూకం. ఒకదాన్ని ఒంటరిగా దించడం సాధ్యం కాదు.

“కొంచెం పట్టుకోండి జిలానీ గారూ” అన్నాను.

“పట్టుకోవచ్చు. నేను రోజూ ఉండనమ్మా ఇక్కడ.”

ఆయన నన్ను ‘అమ్మా’ అని పిలవడం అదే మొదలు. ఆ తరువాత మళ్లీ ‘మేడం’ అనలేదు.

చెంగయ్య వంగి చేపలు ఏరుతున్నాడు. “ఇవి ఇంక మా కూరకే. అమ్మకానికి పనికి రావు” అన్నాడు. తరువాత తల ఎత్తకుండానే, “పన్నెండు దినాలు ఎవురో ఒకరు వచ్చేదాకా ఇక్కడ నిలబడినా. ఐసు కరిగేది, ఏడింటి ఆటో పొయ్యేది. పదమూడో దినం కోసినా. నేనే కోసినా మేడమ్మా, నా పేరే రాసుకో. వేరే ఎవురిదీ రాయబాక” అన్నాడు.

“అందులోంచి ట్రాక్టర్లు వస్తాయని తెలియదా నీకు?”

“తెలిసుంటే ఇంకొంచెం చిన్నదిగా కోసుందునే” అన్నాడు. ఎకసెక్కం కాదు, నిజంగా ఆలోచించే అన్నాడు.

నేను టేపు తీసి, ఒక డబ్బా బయటి అంచు నుంచి రెండో డబ్బా బయటి అంచు దాకా వెడల్పు పట్టబోయాను. జిలానీ గారు, “ఎనభై ఎనిమిది” అన్నారు. పట్టి చూస్తే ఎనభై ఎనిమిదే. “డబ్బా మా నాయన కాలం కొలత అమ్మా. రేకు షీటును వేస్టు పడకుండా కోస్తే ఆ సైజే వస్తది. ఈ తీరంలో అందరివీ అవే.”

“ముందే తెలిసి ఎందుకు చెప్పలేదు మీరు?” నా గొంతులో కోపం ఉందని ఒప్పుకోవాలి.

“రమ్మన్నా. మీరు రాలా. రెండోసారి నేను అడగలా. గేటు పనోళ్లు వచ్చేసి ఉండారు, నాకూ పని ముగించేద్దామని ఉండె. ఆ రెండోసారి అడగకపోవడం నాది.” స్తంభం మీద చెయ్యి వేసి అన్నారు: “సైకిలు కొలిచినారు, బాగానే కొలిచినారు. ఖాళీ సైకిలు కొలిచినారు. ఖాళీగా ఈ దారిన పొయ్యేవాళ్లు ఎవురున్నారమ్మా?”

అక్కడే, దారి కింద నీళ్లు పోయే మోరీ గట్టు మీద కూర్చుని, ఫిర్యాదు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి సంచిలో వేసుకున్నాను. కొత్త కాగితం తీసి పై అధికారికి నివేదిక రాయడం మొదలుపెట్టాను. ప్రణాళికలో స్థానికుల వాడకం ప్రస్తావన లేకపోవడం, సమయాభావం, సర్వే విభాగం నుంచి సమాచారం అందకపోవడం, అలా పేజీ నిండింది. చదవమని జిలానీ గారికి ఇచ్చాను.

“ఇంత పొడుగు రాస్తే, పొయ్యే దారిలో ఎవురో ఒకరి మీద పడతది అమ్మా” అన్నారు.

అదీ చించాను. మూడో కాగితం మీద రెండు వాక్యాలు రాశాను: ‘గేటు వెడల్పు నిర్ణయించడంలో పొరపాటు నాది. కొలిచినది ఖాళీ సైకిలును.’ కింద, మార్చడానికి పది రోజులు గడువు కోరాను. కింద తన పేరూ రాయమని ఆయన అడిగారు. డ్రాయింగ్ మీద సంతకం నాదొక్కదానిదేనని చెప్పాను. ఆయన లేచి, గేటు దాటించడానికి చెంగయ్య సైకిలుకు ఒక పక్క పట్టారు. నేను రెండో పక్క పట్టాను.

సోమవారం పై అధికారి ఆ రెండు వాక్యాలనూ రెండుసార్లు చదివారు. “ఇది మీ ఫైల్లో ఉండిపోతుంది. తెలుసు కదా?” అన్నారు. తెలుసన్నాను. మెమో వచ్చింది, పది రోజుల గడువూ వచ్చింది. కొత్త గేటు ఆకారం నాదీ జిలానీ గారిదీ కలిపి. డబ్బాలు మోకాలి ఎత్తున వేలాడతాయి. హ్యాండిల్ ఛాతీకి కొంచెం కింద ఉంటుంది. కాబట్టి స్తంభాలు కింద నూట ఐదు సెంటీమీటర్ల ఎడంతో నిటారుగా లేచి, డబ్బాల ఎత్తు దాటాక బిందె మెడలాగా లోపలికి వంగి, హ్యాండిల్ ఎత్తున అరవై నాలుగుకు చేరతాయి. హ్యాండిల్ వంచి దూర్చే వీలు లేకుండా వాటి వెనక ఇంకో జత. గూడూరులో పైపులు వంచే పని దగ్గరుండి చేయించాను. బిగించిన రోజున చెంగయ్య నింపిన డబ్బాలతో దిగకుండా దాటాడు. దుంగల కాంట్రాక్టరు మనిషి ఒకడు మోటారు సైకిలు దూర్చి చూసి, ముందుకూ వెనక్కూ కదలలేక ఇరుక్కుపోయాడు. చెంగయ్యే వెళ్లి వెనక్కి లాగాడు. “నీది ఖాళీ బండే కదన్నా, ఎత్తుకుని పోరాదూ” అని కూడా అన్నాడు. గాడులు పూడ్చడానికి కుప్పం మొత్తం వచ్చింది. ఆ పది రోజులూ ఆడవాళ్లు గ్రావెల్ లడ్డూలు పిసికి, నేల మీదికి వదిలి, ముక్కలు లెక్కపెట్టి, బంక చాలదని నాతోనే వాదించారు.

జిలానీ గారు రెండేళ్ల తరువాత పదవీ విరమణ చేశారు. మూడేళ్ల క్రితం గూడూరులో కన్నుమూశారు. దారి నిలిచింది. కుప్పం వాళ్లు కంచెను మళ్లీ తాకలేదు. దాన్ని ఇంకొకరు తాకనివ్వరు కూడా. ఆ తరువాత నేను వంతెనలు కట్టించాను, తుపాను షెల్టర్లు కట్టించాను. వాడే మనిషి వాడే వేళకు, మోసే బరువుతో వచ్చి చూసేదాకా ఏ డ్రాయింగ్ మీదా సంతకం పెట్టలేదు. అందువల్ల నా పనులు ఆలస్యమవుతాయని పేరు వచ్చింది. కట్టినది మళ్లీ పగలగొట్టవలసిన అవసరం మాత్రం ఇంతవరకు రాలేదు.

కిందటి ఏడాది పదోన్నతి జాబితా తయారవుతున్నప్పుడు ఆఫీసు సూపరింటెండెంటు నా సర్వీసు ఫైలు తిరగేస్తూ ఆ కాగితం దగ్గర ఆగాడు. పాత మెమో కాబట్టి, దాన్నీ దానికి కారణమైన నివేదికనూ తొలగించమని ఒక దరఖాస్తు పెడితే సరిపోతుందన్నాడు. దరఖాస్తు నమూనా కూడా తనే ముందుకు జరిపాడు. ఫైలు నా వైపు తిప్పుకుని ఆ రెండు వాక్యాలూ చదివాను. సిరా కొంచెం వెలిసింది, మోరీ గట్టు మీద పెట్టి రాసినందుకు అక్షరాలు కాస్త వంకరగా ఉన్నాయి. కలపవలసినదీ తీసేయవలసినదీ ఏమీ కనిపించలేదు. ఉండనివ్వండి అని చెప్పి, ఫైలు మూసి అతనికి ఇచ్చేశాను.